భయం ఏ పేజీలో పోయింది?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఊరు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. వయసు 45. చిన్నప్పుడు మేం ఆమదాలవలసలో ఉండేవాళ్ళం. నాన్న ప్రతి వారం స్టేషన్ బుక్‌స్టాల్లో వారపత్రిక కొని, రాత్రి అన్నాలయ్యాక సీరియల్ పైకి చదివేవారు. అది పూర్తయ్యాక పేజీలన్నీ కోసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేశారు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అప్పట్నుంచి ఆ రచయిత పుస్తకం ఏది వచ్చినా కొన్నాను. ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు కొత్త నవల వచ్చింది. అట్ట మీదే ‘పారానార్మల్ థ్రిల్లర్’ అని వేశారు. ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నాను. 420 పేజీలు రెండు రాత్రుల్లో చదివాక గోడకేసి కొట్టాలనిపించింది. పదకొండో పేజీలోనే దెయ్యం ఎర్రకళ్ళేసుకుని ఎదురుగా నిలబడుతుంది. చివర్లో అదంతా మూతపడిన ఫ్యాక్టరీలోంచి వచ్చిన గ్యాస్ వల్ల కలిగిన భ్రమ అంటారు. ఆఖరి పేజీలో మళ్ళీ ఆ దెయ్యమే నవ్వుతుంది! కథ జరిగేది మా వంశధార ఒడ్డున. కానీ అందులో ఒక్క మాటా మాది కాదు. ఇప్పుడు చిక్కేమిటంటే, వచ్చే నెల శ్రీకాకుళంలో ఈ పుస్తకం మీద సభ ఉంది. రచయిత వస్తున్నారు. పుస్తకం రాకముందే నన్ను పది నిమిషాలు మాట్లాడమంటే సంబరంగా ఒప్పేసుకున్నాను. కోపంలో నాలుగు పేజీల వ్యాసం రాసిపెట్టుకున్నాను, ఎవరికీ చూపించలేదు. నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు చదవొద్దన్నారు. ‘పుస్తకం ఎలా ఉందమ్మా?’ అని రోజూ ఫోన్లో అడుగుతున్నారు. ‘బాగుంది నాన్నా’ అంటున్నాను. ఆయన మారిపోయారా, నేను మారిపోయానా? సభలో ఏం మాట్లాడమంటారు?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో రచయిత పేరు, నవల పేరు రెండూ ఉన్నాయి. తీసేశాను. సభ ఇంకా జరగలేదు కదా. నేనూ ఆ నవల తెప్పించుకుని చదివాను. నాకు మూడు రాత్రులు పట్టింది. మీకంటే ఎక్కువ నచ్చి కాదు, రెండో రాత్రి మధ్యలో నిద్రపట్టేసింది. దెయ్యం కథ చదువుతూ నిద్రపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

నా సంగతి కొంచెం చెప్పాలి. 1984 నుంచి పదిహేనేళ్ళు విజయనగరంలో, గంటస్తంభం దగ్గర ఒక సందులో అద్దె పుస్తకాల షాపు నడిపాను. మొదట్లో రోజుకి పావలా, తర్వాత అర్ధ రూపాయి, చివరికి రూపాయి. చేతబడి సీరియళ్ళు వారపత్రికల్ని ఊపేసిన రోజులవి. అవి పుస్తకంగా వచ్చిన వారం షాపు ముందు సైకిళ్ళు పెట్టడానికి చోటుండేది కాదు. జనం పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ‘సూపరండీ’ అనో ‘ఏం లేదండీ’ అనో ఏదో ఒకటి అనేవారు. ఆ మాటల్ని నేను లెక్కచేసేవాణ్ణి కాదు. పుస్తకం అంచు చూసేవాణ్ణి. మూసిన పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే, ఎక్కడిదాకా బొటనవేలి మరకలున్నాయో తెలిసిపోతుంది. కొన్ని పుస్తకాలు అట్ట నుంచి అట్ట దాకా ఒకే రంగులో నల్లబడేవి. కొన్ని సగం దాకా మట్టిరంగు, ఆ తర్వాత కొత్త కాగితంలా తెల్లగా. అంటే ముప్పై నలభై మంది ఎవరికి వారే, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇంచుమించు ఒకేచోట ఆపేశారన్నమాట. నేను చదివిన విమర్శ వ్యాసాలన్నిటిలో ఆ మరకంత నిజాయితీ దేనికీ లేదు.

మీ నాలుగు పేజీల వ్యాసంలో లేనిది ఆ మరకే అని నా అనుమానం. మీరు చూపించలేదు కాబట్టి నేను చదవలేదనుకోండి. కానీ కోపంలో రాసింది ఎలా ఉంటుందో తెలుసు. ‘మీలాంటి రచయిత ఇలాంటిది రాయడమా’ అనే మాట రెండో పేరాలో ఉండి తీరుతుంది. ఔనా?

ఆయన మారారా, మీరు మారారా అన్నదానికి వద్దాం. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు అనే మాట ఒకటుంది. ‘అప్పుడు నీకు పద్నాలుగేళ్ళు, అందుకే భయం వేసింది, ఇప్పుడు పెద్దదానివయ్యావు’ అని. నేనామాట అనను. తేల్చుకునే సాధనం మీ బీరువాలోనే ఉంది. ఆ దబ్బనం కుట్టు ప్రతి తీసి, రాత్రి పది దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్క భాగం చదవండి. రోలు చప్పుడు వినిపించే భాగం. ఆ సీరియల్ నా షాపులో పుస్తకంగా వచ్చి నాలుగుసార్లు చిరిగింది, నాకు బాగా గుర్తుంది. తాళం వేసిన గదిలో అర్ధరాత్రి రోకలి పోటు వినిపిస్తుంది. అత్తగారు వింటుంది, కోడలు పక్కనే పడుకుని ఉంటుంది. తెల్లారి తాళం తీస్తే గదిలో ఎవరూ ఉండరు. రోట్లో పిండి మాత్రం ఇంకా తడిగా ఉంటుంది. అంతే. దెయ్యం లేదు, కళ్ళు లేవు, నవ్వు లేదు. ‘తడిగా ఉంది’ అన్నచోట ఆ వారం భాగం అయిపోతుంది.

అది ఇప్పుడు చదివినా మీ వెన్ను జలదరిస్తే మీరేం మారలేదు. జలదరించకపోతే సభలో మీరు మాట్లాడే తీరు కొంచెం మార్చుకోవాలి, అది తర్వాత చెబుతాను. నేను పందెం కాస్తాను, జలదరిస్తుంది. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నిన్న రాత్రి మళ్ళీ చదివి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళడానికి లైటు వేసుకున్నాను.

అయితే ఒకటి గమనించండి. ‘తడిగా ఉంది’ తర్వాత మీ నాన్నగారు పత్రిక మూసేసేవారు. మళ్ళీ వారం దాకా లేదు. ఆ ఏడు రోజులూ మీరు ఏం చేశారు? స్నానానికి వెళ్తూ, లెక్కలు చేస్తూ, పెరట్లో రుబ్బురోలు పక్కనుంచి నడుస్తూ ఆ గదిని మీరే మళ్ళీ మళ్ళీ తలుచుకున్నారు. రచయిత రాసింది రెండు పేజీలు, మిగతాదంతా మీరే వేసుకున్నారు. సీరియల్‌కి ఆ సౌకర్యం ఉండేది. కొత్త నవల చూడండి. ప్రతి మూడు పేజీలకీ ఒక అధ్యాయం, ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరు ‘కెవ్వు’మంటారు. వారపత్రిక రోజుల అలవాటు చెయ్యి వదల్లేదు, కానీ వారం రోజుల గ్యాప్ పోయింది. పేజీ తిప్పితే ఆ కేకకి కారణం అక్కడే ఉంది, పిల్లి. భయం పాకానికి రావాలంటే మంట మీద కాసేపు వదిలేయాలి. ఈయన మూతతీసి చూస్తూనే ఉన్నారు.

ఇది ఆయన చేతకానితనమని నేననుకోను. రాసే చోటు మారింది, చేతి అలవాటు మారలేదు.

అసలు కోపం మాత్రం ముగింపు మీద. అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నా షాపుకి ఒక ఇంగ్లిష్ లెక్చరర్ వచ్చేవారు. డిటెక్టివ్ నవలలు సంచిలో దాచుకుని పట్టుకెళ్ళేవారు, కాలేజీలో ఎవరైనా చూస్తే నామోషీ. ఆయన చెప్పారు, త్వెతాన్ తొదొరోవ్ అని బల్గేరియాలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన విమర్శకుడు 1970లో ఇలాంటి కథల మీద ఒక పుస్తకం రాశాడట. ఇది దెయ్యమా, మన భ్రమా అని పాఠకుడు ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడుతున్నంతసేపే ఆ కథకి ప్రాణం అంటాడాయన. దెయ్యమే అని తేలితే అది ఒక రకం కథ, దెయ్యం కాదని తేలితే ఇంకో రకం. ఎటైనా తేలొచ్చు, తప్పులేదు. మీ రచయిత మొదట పదకొండో పేజీలోనే దెయ్యమని తేల్చేశారు. ఊగడానికి ఉయ్యాలే లేదు. నాలుగొందలో పేజీలో గ్యాస్ అని తేల్చారు. ఆఖరి పేజీలో మళ్ళీ దెయ్యం. గ్యాస్ అంటే నమ్మడానికి సిద్ధపడ్డవాళ్ళకీ, దెయ్యమంటే వణకడానికి సిద్ధపడ్డవాళ్ళకీ ఇద్దరికీ చెయ్యిచ్చారు.

ఇక ఆ గ్యాస్ సంగతి మీరు టీచరు కాబట్టి మీకే వదిలేస్తున్నాను. గ్యాస్ పీలిస్తే తల తిరగొచ్చు, ఏవేవో కనిపించొచ్చు. ఊరు ఊరంతా ఒకే ముసలమ్మని, అదే గళ్ళచీరలో, అదే ఎడంకాలు ఈడ్చుకుంటూ నడుస్తుండగా చూస్తుందా? మీ తొమ్మిదో తరగతి పిల్లలే ఒప్పుకోరు.

ఆర్థర్ కానన్ డాయిల్ ఉన్నాడు చూడండి. స్వయానా ఆయన ఆత్మల్ని నమ్మేవాడు. ఇద్దరు ఆడపిల్లలు తీసిన దేవకన్యల ఫోటోలు నిజమని నమ్మి 1922లో ఏకంగా పుస్తకమే వేశాడు. కానీ తన షెర్లాక్ హోమ్స్ కథల్లోకి మాత్రం ఒక్క దెయ్యాన్నీ రానివ్వలేదు. ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ అనే ఆ శాపగ్రస్త వేటకుక్క నవలలో పాఠకుణ్ణి చివరిదాకా వణికిస్తాడు, తీరా చూస్తే కుక్క మూతికి చీకట్లో మెరిసే భాస్వరం పూశారు. భాస్వరం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దెయ్యాల్ని నమ్మేవాడు కూడా, ఈ కథలో దెయ్యం ఉండదని పాఠకుడితో ఒకసారి ఒప్పందం చేసుకున్నాక దానికి కట్టుబడ్డాడు.

డాయిల్ సంగతి ఇంకోటి కూడా మీకు పనికొస్తుంది. 1893లో ఆయన విసుగొచ్చి హోమ్స్‌ని స్విట్జర్లాండ్‌లో కొండమీంచి జలపాతంలోకి తోసేశాడు. జనం గోల పెడితే తర్వాత బతికించాడు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఒక పడవవాడు ఆయనతో అన్నాడట, ఆ కొండమీంచి పడ్డప్పుడు మీవాడు చావకపోయి ఉండొచ్చు గాని, ఆ తర్వాత మాత్రం ఆ మనిషి ఆ మనిషి కాడండీ అని. ఇది ఎవరో పుట్టించింది కాదు, డాయిలే స్వయంగా రాసుకున్నాడు. ఒక పాఠకుడి మాట రచయితకి అంతకాలం గుర్తుండిపోయిందంటే, అందులో తిట్టు లేదు కాబట్టే. ఆ పడవవాడు ఎప్పట్నుంచి తేడా వచ్చిందో గుర్తుపట్టాడు. రచయిత మొహం మీదే చెప్పాడు. ఊరుకున్నాడు.

ఇక మన ఊళ్ళ సంగతి. ఇక్కడ నాకు మీకంటే ఎక్కువ కోపం వచ్చింది, క్షమించాలి. వంశధార ఒడ్డున పుట్టి పెరిగిన ఎనభై ఏళ్ళ ముసలామె మనవణ్ణి ‘ఏందిరా’ అంటుందా? ‘ఏట్రా’ అనదూ? చేతబడిని ఊళ్ళో అందరూ ‘బాణామతి, బాణామతి’ అంటారు. అది తెలంగాణ వైపు మాట. మన దగ్గర ‘చిల్లంగి’ అంటారని ఆయనకి ఎవరూ చెప్పలేదా? పైగా చిల్లంగి మాట తేలిగ్గా వాడేది కాదు. ఆ అనుమానంతో మన జిల్లాల్లో ముసలివాళ్ళని కొట్టిన, చంపిన ఘటనలు ఉన్నాయి. ఆ మాట ఎత్తగానే ఊళ్ళో ఎవరి ఇంటివైపు చూపులు తిరుగుతాయో, ఆ ఇంట్లో వాళ్ళు ఆ రాత్రి ఎలా పడుకుంటారో, అది రాసుంటే ఎర్రకళ్ళ అవసరమే ఉండేది కాదు.

పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను సంగతైతే మరీ దారుణం. నవలలో సిరిమాను అమావాస్య అర్ధరాత్రి కాగడాలతో తిరుగుతుంది. అమ్మా, నేను పుట్టింది విజయనగరంలో. సిరిమాను దసరా వెళ్ళిన మంగళవారం, మధ్యాహ్నం పొద్దువాలాక, మూడులాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. లక్షల మంది జనం, మేడల మీద, గోడల మీద, చెట్ల మీద. చింతమాను చివర కూర్చున్న పూజారి మీదికి అరటిపళ్ళు విసురుతారు. అందులో దెయ్యానికి నిలబడటానికి చోటు కూడా దొరకదు. పోనీ ఆయనకి రాత్రే కావాలనుకుంటే ముందురోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం ఉంది కదా! ఆ రాత్రి జాగారం, డప్పులు, రైతులకి పంచే విత్తనాలు. నవలకి కావలసినదంతా అక్కడుంది. ఆ విత్తనాలు తీసుకెళ్ళి చల్లిన పొలంలో ఏం మొలిచిందో అని మొదలుపెట్టినా చాలు, నేను షాపు మళ్ళీ తెరిచేవాణ్ణి.

సరే, నా గొడవ పక్కనపెట్టి సభ సంగతి చూద్దాం.

ముందు, ఈ వారంలోనే నిర్వాహకులకి ఫోన్ చేయండి. ‘పుస్తకం చదివాను, నాకు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో మర్యాదగా చెబుతాను, మీకు అభ్యంతరమా?’ అని అడగండి. శాలువా, జ్ఞాపిక, ఫోటో మాత్రమే కావాలనుకునే సభైతే వాళ్ళ గొంతులోనే తెలిసిపోతుంది. అప్పుడు తప్పుకోండి, వంక వెతకొద్దు. వాళ్ళు ఫర్వాలేదంటే వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళి వేదికెక్కి ఆయన్ని నిలదీయడం మాత్రం నాకిష్టం లేదు. పిలిచి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తర్వాత చెంప మీద కొట్టినట్టుంటుంది. పైగా ఆ వయసాయనకి జవాబు చెప్పుకునే వ్యవధి కూడా ఇవ్వరు, వందన సమర్పణకి టైమైపోయిందంటారు.

పది నిమిషాల్లో ఏం చెప్పాలి? ముగింపు జోలికి వెళ్ళొద్దు. సభలో సగంమంది ఇంకా చదివుండరు, కొనడానికే వస్తారు. నా షాపులో ఒకడుండేవాడు, ప్రతి డిటెక్టివ్ నవల మొదటి పేజీలో పెన్సిల్‌తో ‘హంతకుడు డ్రైవర్’ అని రాసి ఇచ్చేవాడు. వాణ్ణి పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీరు ఆ పని చేయకండి.

రోలు భాగం గురించి చెప్పండి. చదివి వినిపించండి, ఐదారు వాక్యాలు చాలు. మీ నాన్నగారు అక్కడ పత్రిక మూసేసిన సంగతి చెప్పండి. ఆ తర్వాత కొత్త నవల పదకొండో పేజీ తీసి, ‘సార్, ఇక్కడ నాకు భయం పోయింది. రోట్లో పిండి తడిగా ఉందని చెప్పి వారం రోజులు మమ్మల్ని వదిలేసిన మీరు, ఇక్కడ ఎందుకు తొందరపడ్డారు?’ అని అడగండి. అడిగాక ఆయన మాట్లాడేదాకా ఆగండి. చప్పట్ల కోసం చూడొద్దు. రోలు భాగం ఇప్పుడు మీకే చప్పగా అనిపించి ఉంటే, ఈ ప్రశ్న మానేసి ఊరిగురించి మాత్రం అడగండి. చిల్లంగి, తొలేళ్ళు ఆయన వినుండకపోవచ్చు, విన్నాక కుర్చీలో ముందుకు జరగొచ్చు. ‘వయసైపోయింది’, ‘పాతవాటితో పోలిస్తే’, ‘మీ నుంచి ఆశించింది’ లాంటి మాటలు ఒక్కటీ వద్దు. వాటికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పదకొండో పేజీ గురించి అడిగితే ఉంటుంది. సంపాదకులు అడిగారనో, ఇప్పటి పిల్లలు పది పేజీలు ఆగరనో చెబుతారు. చెప్పనివ్వండి. అది వినడానికి నేనూ వస్తాను, వెనక వరసలో కూర్చుంటాను.

ఆ నాలుగు పేజీల వ్యాసం సభ అయ్యేదాకా ఎక్కడా పెట్టకండి. చింపెయ్యమని కూడా అనను. సభ మర్నాడు కథానిలయానికి, అదే ఆ కథల లైబ్రరీకి, వెళ్ళి కాసేపు కూర్చోండి, శ్రీకాకుళంలోనే కదా. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని మొదలుపెట్టినప్పుడు మంచి కథ, చెడ్డ కథ అని ఏరలేదు. అచ్చయిన ప్రతి తెలుగు కథా అక్కడుండాలనుకున్నారు. ఆ బీరువాల మధ్య నిలబడితే, గొప్ప పేరున్నవాళ్ళు కూడా ఎన్ని పేలవమైన కథలు రాశారో, ఐనా మనం వాళ్ళని దేనికి గుర్తుపెట్టుకున్నామో కనిపిస్తుంది. అక్కడ కూర్చుని మీ వ్యాసం ఒకసారి చదివి, అప్పుడు ఏం చేయాలనిపిస్తే అది చేయండి.

మీ నాన్నగారికి ‘బాగుంది’ అని చెప్పడం ఇవాళ్టితో ఆపేయండి. ఆయన మీకు రోకలి పోటు చదివి వినిపించిన మనిషి, ఫోన్లో మీ గొంతు విని ఈపాటికే పసిగట్టి ఉంటారు. ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళి, కూర్చోబెట్టి, మొదటి పది పేజీలు మీరే పైకి చదవండి. నిజం చెప్పాలంటే ఆ పది పేజీలూ బాగున్నాయి. రేవు దగ్గర ఖాళీ పడవ తాడు బిగుసుకునే చోట పాత చెయ్యే కనిపించింది నాకు. పదో పేజీ చివర పుస్తకం మూసేసి, ‘మిగతాది వచ్చే ఆదివారం’ అనండి. ఆయన ఏమంటారో నాకు రాయండి.

చివరిగా ఒకటి. ఆ దబ్బనం కుట్టు ప్రతిని సభకి తీసుకెళ్ళండి, ఆయన చేత సంతకం పెట్టించుకోండి. చూడగానే ఆయన కళ్ళు చెమరుస్తాయి, అది ఖాయం. ‘ఒకసారి ఇంటికి పట్టుకెళ్ళి చూసి పంపిస్తానమ్మా’ అని కూడా అంటారు. ఇవ్వకండి. పదిహేనేళ్ళు పుస్తకాలు అద్దెకిచ్చినవాణ్ణి, డిపాజిట్ లేకుండా వెళ్ళింది ఒక్కటీ తిరిగి రాలేదు.